ఒక్క దెబ్బ చాలన్నారు

సైకిలు రిపేరు షాపు మీద మేడగదికి మొదటిసారి వెళ్ళిన వాళ్ళెవరూ నవ్వుతూ మెట్లు దిగలేదు. ఆ గదిలో ఉండే మనిషిని పిల్లలంతా ఎదురుగా పెద్దమ్మా అని పిలిచేవారు, వెనకాల కత్తెర అనేవారు. నవలైతే రాసేసి, దాన్ని చక్కదిద్దుకోవడం చేతకాక కిందామీదా పడే కుర్రకారుకి ఆదివారం పొద్దున్నే ఆవిడ దిద్దుబాటు నేర్పేది. నేర్పడం ఉచితం. తిట్లు కూడా ఉచితమే.

ఒక పొడుగాటి కుర్రాడు ఆరువందల పేజీల నవల చంకలో పెట్టుకుని వచ్చాడు. మొదటి పదకొండు పేజీల్లోనూ తెల్లవారుతూనే ఉంది. పెద్దమ్మ రెండు పేజీలు విని లేచి, అతని చేతిలోంచి ఆ పదకొండూ లాక్కుని నిలువునా చింపేసింది. సూర్యుడు రోజూ చేసే పనికి ఇంత సంబరం దేనికని అడిగింది. కుర్రాడు ఏడ్చాడు. పై వారం మళ్ళీ వచ్చాడు, ఈసారి కథ మధ్యాహ్నం మొదలైంది.

ఆవిడకో పద్ధతి ఉంది. రాసినవాళ్ళు నిలబడి గొంతెత్తి చదవాలి. నాలుక తడబడిన చోట పెన్సిలుతో గీత పెట్టాలి. ఆ తరవాత ఎవరి వాక్యాన్ని వాళ్ళే కత్తెరతో కోసెయ్యాలి. "నీ రాతని ఇంకొకడు నరికితే అది హత్య. నువ్వే నరుక్కుంటే దిద్దుబాటు" అనేది. ఆ కుర్రాడి పదకొండు పేజీలూ మరి ఏ ఖాతాలోకి వస్తాయని ఎవరికీ అడిగే ధైర్యం లేదు. కోసిన ముక్కని పారెయ్యకూడదు. దాని వెనక తేదీ వేసి, ఎందుకు తీసేశారో కారణం రాసి, ఎవరి బిస్కెట్ డబ్బాలో వాళ్ళు దాచుకోవాలి. గోడవారగా బల్ల మీద అలాంటి డబ్బాలు పదిహేను దాకా ఉండేవి. చీటీల వెనక రాసుకున్నది ఎవరికి వాళ్ళకే, పెద్దమ్మ ఏనాడూ తిప్పి చూసేది కాదు.

ఆవిడ ఎడమ చేతికి చూపుడువేలూ మధ్యవేలూ లేవు. అడిగినవాళ్ళకి ఒకటే జవాబు. "పద్నాలుగేళ్ళప్పుడు ప్రెస్సులో పని చేసేదాన్ని. పరధ్యానంగా ఉన్నాను, కటింగ్ మిషన్ పట్టుకుపోయింది. పొరపాటు నాదే." ఎవరు ఎప్పుడు అడిగినా అక్షరం తేడా లేకుండా ఇవే మాటలు.

అది పచ్చి అబద్ధం. ఆ ప్రెస్సులో ఫోర్‌మన్ ఒకడుండేవాడు. పని నెమ్మదిగా చేసే పిల్లల్ని ఇనుప స్కేలుతో మెడ వెనక కొట్టడం వాడికి కాలక్షేపం. ఆ రోజు పుస్తకాలు సాయంత్రానికల్లా వెళ్ళిపోవాలి. ఆ పిల్ల కత్తి కింద కాగితాల దొంతర సర్దుతోంది. "ఇంకెంతసేపే" అంటూ వాడు పిడి లాగేశాడు. చెయ్యి అక్కడుందని వాడికి తెలుసు. రక్తం కాగితాల మీద చిమ్మితే, ముందు పిల్లని కాదు, కాగితాల్ని పక్కకి లాగాడు. అయిదు వందల షీట్లు పాడయ్యాయని చెంప పగలగొట్టాడు. ఆ తరవాత గుడ్డ చుట్టి, ఎవరడిగినా పరధ్యానం అని చెబితే ప్రూఫులు చూసే గదిలో కూర్చోబెడతానన్నాడు. ఆ పిల్లకి ఇంటి దగ్గర తినే నోళ్ళు అయిదు. సరేనంది. నలభై ఏళ్ళపాటు అదే గదిలో ఇతరుల తప్పులు పట్టింది, తన కథలో ఆ ఒక్క తప్పు మాత్రం అలాగే ఉంచుకుంది. తలుచుకుంటే ఒళ్ళు మండుతుంది గానీ, ఆ వయసులో ఇంకేం చెయ్యగలదు?

బేకరీ పిల్ల ఆ గదికి వచ్చిన సంవత్సరం వానలు బాగా కురిశాయి. పంతొమ్మిదేళ్ళుంటాయి. తెల్లవారకముందే పిండి కలపడానికి వెళ్ళి మధ్యాహ్నానికి ఇంటికి చేరే ఉద్యోగం. కనుబొమల మీద ఎప్పుడూ కాస్త పిండి ఉండేది. తండ్రి లేడు. తల్లి, లారీ బాడీలు కట్టే షెడ్డులో వెల్డింగు చేసే అన్న ఉన్నారని చెప్పింది. ఇంటి గురించి అంతకు మించి ఒక్క ముక్క మాట్లాడలేదు. నవల మాత్రం మూడు వందల పన్నెండు పేజీలు తెచ్చింది.

పెద్దమ్మ ఆ నవల వింటూ మొదటి రోజే కత్తెర బల్ల మీద పెట్టేసింది. అది ఆవిడ ఇచ్చే పెద్ద మెప్పు. కథ ఒక ఇంటిది. ఆ ఇంట్లో ఒక మారుతండ్రి, ఒక తల్లి, ఒక కూతురు. మారుతండ్రి కొడతాడు. రెండో అధ్యాయంలో కొడతాడు, నాలుగులో కొడతాడు, ఆరులో, ఏడులో, మళ్ళీ ఏడులోనే, అలా మొత్తం పదకొండు సార్లు. బెల్టు, చీపురు, చెంబు, తలుపు, ఏది చేతికందితే దానితో.

అయిదో వారం పెద్దమ్మ ఆపించింది. రాత బాగుందని, కానీ ఒకే పని పదకొండు సార్లు జరిగితే చదివేవాడి చర్మం మొద్దుబారిపోతుందని చెప్పింది. మొదటిసారి ఉలిక్కిపడతాడు, మూడోసారి పేజీలు తిప్పేస్తాడు, అయిదోసారి నమ్మడం మానేస్తాడు. ఏ పుస్తకానికైనా ఇది సరైన మాటే. అందులోనే ఉంది చిక్కంతా.

"ఒక్క దెబ్బ చాలు. అన్నిటికంటే బలమైనది ఉంచు, మిగతా పదీ తీసెయ్" అంది.

ఆ పిల్ల పేజీలు దగ్గరికి లాక్కుంది. "అన్నీ ఒకటి కావు పెద్దమ్మా" అంది.

"రాసినవాళ్ళకి అలాగే ఉంటుంది. చదివేవాళ్ళకి అన్నీ ఒకటే."

ఇంకో సలహా కూడా ఇచ్చింది. ఉత్త దుర్మార్గుడు బొమ్మలా ఉంటాడు, మనిషిలా ఉండడు, వాడి చేత ఒక మంచిపని చేయించమంది. బేకరీ పిల్ల చాలాసేపు ఆలోచించి, గుర్తు రావడం లేదంది. గుర్తు రావడమేమిటి, రాసేది నువ్వేగా, ఊహించి చావు అని పెద్దమ్మ కసిరింది. కామా పక్కకి జరిగితే పట్టుకునే మనిషి, ఆ మాట చెవిన పడ్డా పట్టుకోలేకపోయింది. ఆ పిల్ల మండే ఎండలో కూడా పొడుగుచేతుల చొక్కా వేసుకొస్తే పొయ్యి దగ్గర కాలిన మచ్చలు దాస్తోందనుకుంది. ఒకసారి కూర్చోలేక గంటన్నరా నిలబడే ఉంటే, పద్ధతి బాగా వంటబట్టిందని మిగతా వాళ్ళకి చూపించి పొగిడింది కూడా.

పది దెబ్బల్నీ ఆ పిల్లే కోసింది. నాలుగో అధ్యాయం ముక్క కోసేటప్పుడు మాత్రం పెద్దమ్మకీ మనసొప్పలేదు. అందులో తల్లి తలని గోడకి కొట్టినప్పుడు సున్నం రాలిందన్న వాక్యం ఉంది. వాక్యం బంగారంలా ఉందని, అయినా పోవాల్సిందేనని అంది. కత్తెర కరకరలాడుతుంటే ఆ పిల్ల పెదవి కొరుక్కుంది. ప్రతి ముక్క వెనకా తేదీ వేసి, కారణం రాసి, తన డబ్బాలో వేసుకుంది.

అయిదు నెలల్లో నవల నూట తొంభై పేజీలకి దిగింది. ఒక్క దెబ్బ, ఒక్క మంచిపని, నునుపుదేలిన వాక్యాలు. శుభ్రమైన ప్రతి చేతికి వచ్చాక పెద్దమ్మ ఆఖరి మెట్టు చెప్పింది. ఇంట్లో తలుపు వేసుకుని, ఎవరూ లేనప్పుడు, మొదటి నుంచి చివరిదాకా గొంతెత్తి చదువుకోవాలి. గోడలు విన్నాక గానీ పుస్తకం గడప దాటకూడదంది. బేకరీ పిల్ల నవలని అన్నాళ్ళూ పిండి బస్తాల వెనక దాచిందని, ఇంటికి తీసుకెళ్ళడం అదే మొదటిసారని ఆవిడకి తెలియదు.

ఆ ఆదివారం ఆ పిల్ల రాలేదు. పొడుగు కుర్రాడు నిలబడి చదువుతుండగా మెట్ల మీద బరువైన అడుగులు వినిపించాయి. తలుపు కాలితో తన్ని ఒకడు లోపలికొచ్చాడు. చేతుల మీద వెల్డింగు రవ్వలు కాల్చిన చుక్కలు, గుప్పిట్లో చింపిన కాగితాలు. వాటిని పెద్దమ్మ ముఖాన కొట్టాడు.

"మారుతండ్రి అని రాయించావే ముసలిదానా. నాకు తెలియదనుకున్నావా? తలుపవతల నిలబడి మొత్తం విన్నాను."

ఎవడివిరా నువ్వని అడిగేలోపే బల్ల తిరగబడింది. కుర్రాడు అడ్డం వెళితే మోకాలితో కడుపులో పొడిచాడు, అతను ముడుచుకుపోయి మూలన పడ్డాడు. బేకరీ పిల్ల అన్న డబ్బాల బల్లని రెండు చేతులా ఎత్తి గోడకేసి కొట్టాడు. మూతలు ఎగిరాయి, వందల కొద్దీ ముక్కలు నేల మీద చెల్లాచెదురయ్యాయి. పెద్దమ్మ కాగితాల మీద బరువుగా పెట్టుకునే ఇనప దిమ్మ తీసి విసిరింది. అది భుజానికి తగిలింది, ఎముక మీద పడిన చప్పుడు వినబడింది. వాడు వచ్చి ఆవిడ ఎడమ చెయ్యి పట్టి వెనక్కి మెలితిప్పాడు. మిగిలిన మూడు వేళ్ళలో ఒకటి పుటుక్కుమంది. ఆవిడ కేక వెయ్యలేదు. నలభై ఏళ్ళ నాడూ వెయ్యలేదు.

"ఆస్పత్రిలో పడుంది. మెట్లు జారిందని రాయించాం. మధ్యాహ్నం ఇంటికి తీసుకుపోతాను. ఇంకెప్పుడూ ఏమీ రాయదు, చూసుకో" అని చెప్పి దిగిపోయాడు.

పెద్దమ్మ నేల మీద కూర్చుని ఊపిరి తీసుకుంది. కళ్ళెదుట చీటీలు బోర్లాపడి ఉన్నాయి. వెనక రాతలు పైకి కనబడుతున్నాయి. గుండ్రటి అక్షరాలు, బేకరీ పిల్లవి. ఒకటి తీసి చూసింది. నాలుగేళ్ళ కిందటి తేదీ. ఇంకోటి తీసింది. మూడేళ్ళ కిందటిది, దాని కింద మరో ఎనిమిది రోజుల తరవాతది. ఇవన్నీ కోసింది నిరుడు వానల్లో, ఒకే నెలలో, తన కళ్ళెదుటే. కోసిన రోజు వెయ్యమంటే, ఆ పిల్ల జరిగిన రోజు వేసింది. కారణం ఉండాల్సిన చోట పది చీటీల మీదా ఒకటే మాట ఉంది. ఒకటి చాలన్నారు.

ఆవిడ గోడ పట్టుకుని లేచి, ఆ పది ముక్కలూ ఏరి డబ్బాలో పెట్టుకుని, విరిగిన వేలికి జేబురుమాలు చుట్టుకుని ఆస్పత్రికి నడిచింది. పొడుగు కుర్రాడు కడుపు పట్టుకుని వెనకాలే వచ్చాడు.

బేకరీ పిల్ల దవడకి తీగలు కట్టారు. ఒక కన్ను మూసుకుపోయింది. కుడిచెయ్యి మోచేతి దాకా పట్టీలో ఉంది, తొక్కితే గానీ వేళ్ళు అలా చితకవని నర్సు గొణిగింది. ఆ పిల్ల ఇప్పుడు నోరు మెదపనూ లేదు, కలం పట్టనూ లేదు. మంచం పక్కన అన్న కూర్చుని గ్లాసులో పళ్ళరసం కలుపుతున్నాడు. చెంచాతో దవడ సందులోంచి పోసి, కారినదాన్ని మెత్తగా తుడుస్తున్నాడు. చూసినవాళ్ళు ఇలాంటి అన్న దొరకాలంటే రాసిపెట్టి ఉండాలనుకుంటారు. ఒక మంచిపని చేయించమన్నది తనేనని పెద్దమ్మకి గుర్తొచ్చింది.

కిటికీ దగ్గర తల్లి నిలబడి ఉంది, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని. పోలీసాయన కాగితం మీద మెట్లు, జారుట అని రాసేసి ఆమె వేలిముద్ర కోసం సిరా డబ్బా తెరుస్తున్నాడు. ఆ ముద్ర పడితే పిల్ల ఇంటికే వెళుతుంది. ఆ ఇంటికి వెళితే ఇంక బయటికి రాదు.

పెద్దమ్మ డబ్బా ఆయన ముందు పెట్టి సంగతి చెప్పింది. అన్న నవ్వాడు, మా చెల్లికి కథలు రాసే పిచ్చండీ అన్నాడు. పోలీసాయన ఒక చీటీ అటూ ఇటూ తిప్పి, నవల్లో ముక్కలు సాక్ష్యం ఎలా అవుతాయమ్మా, ఇందులో మారుతండ్రి అని ఉంది, వీళ్ళకి మారుతండ్రే లేడు కదా అన్నాడు. ఆయన అడిగినదీ న్యాయమే.

పెద్దమ్మ రుమాలు విప్పి ఎడమచెయ్యి చూపించింది. "ఈ చిటికెన వేలు ఇందాక వీడు విరిచాడు. ఈ కుర్రాడు చూశాడు, రాసుకోండి. ఈ రెండు వేళ్ళూ మాత్రం నా పరధ్యానం వల్ల పోయాయని నలభై ఏళ్ళుగా చెబుతున్నాను. అబద్ధం. మా ఫోర్‌మన్ కోశాడు. చెయ్యి ఉందని తెలిసి పిడి లాగాడు. నిజం చెబితే పని పోతుందన్నాడు, అందుకని కథ మార్చుకున్నాను. ఎవరి పేరు దాచాలో తెలిసినవాళ్ళు ఎలా రాస్తారో నాకు తెలుసు బాబూ. తల్లికి చదువు రాదు. ముద్ర వేసే ముందు ఒక్కటి చదివి వినిపించనివ్వండి."

తల్లి ఆ చేతి వంకే చూస్తోంది. పెద్దమ్మ నిలబడి, ప్రూఫు గది గొంతుతో, తొందర లేకుండా నాలుగో అధ్యాయం ముక్క చదివింది.

"మారుతండ్రి గడియ పెట్టాడు. బెల్టు రెండు మడతలు వేశాడు. మొదటి దెబ్బ నా మెడ మీద పడింది. రెండోది లెక్కపెట్టేలోపే మూడోది పడింది. అమ్మ అడ్డం వస్తే జుట్టు పట్టుకుని తల గోడకి కొట్టాడు. గోడ మీంచి సున్నం రాలింది."

"సున్నం కాదు" అంది తల్లి.

ఎవరికీ అర్థం కాలేదు. అన్న చేతిలో చెంచా ఆగింది.

"రాలింది సున్నం కాదక్కా." ఆమె నోటి మీంచి చెయ్యి తీసింది. పై వరసలో ముందు పళ్ళు మూడు లేవు. "నా పళ్ళు. నా కూతురే ఏరి కాగితంలో చుట్టి దాచింది. బెల్టూ కాదు. షెడ్డు నించి తెచ్చిన గ్యాసు గొట్టం. మారుతండ్రెవరు, మా ఇంట్లో మగాడు వీడొక్కడే."

అన్న గ్లాసు విసిరికొట్టి తల్లి గొంతు మీదకి దూకాడు. పట్టుకున్నాడు కూడా, రెండు బొటనవేళ్ళూ గొంతు గుంటలో దిగాయి. తల్లి చేతులు గాలిలో కొట్టుకున్నాయి. బేకరీ పిల్ల మంచం మీంచి దొర్లి పట్టీ ఉన్న చేత్తోనే వాడి ముఖం మీద కొట్టింది, తెల్లటి పట్టీ ఎర్రబడింది. పోలీసాయనా, వార్డుబాయిలిద్దరూ, పొడుగు కుర్రాడూ కలిస్తే గానీ ఆ వేళ్ళు ఊడిరాలేదు. నేల మీదకి తొక్కిపట్టి చేతులు వెనక్కి విరిచి కట్టారు. తల్లి దగ్గుతూ, మెడ పట్టుకుని, రెండో చీటీ చదవమంది. అలా పదీ చదివించుకుంది. ఏడు చోట్ల తప్పులు దిద్దింది. అన్ని తప్పులూ ఒకే రకం, కూతురు ప్రతిచోటా దెబ్బని కాస్త తగ్గించే రాసింది. పోలీసాయన మెట్ల కాగితం చింపి కొత్తది తీసుకున్నాడు.

దవడ తీగలు విప్పడానికి రెండు నెలలు పట్టింది. కుడిచేతి వేళ్ళు పూర్తిగా ముడుచుకోవడం లేదు. తల్లీకూతుళ్ళు బేకరీ వెనక గదిలోకి మారారు. ఒక ఆదివారం ఆ పిల్ల మెట్లెక్కి వచ్చి, చింపిన ప్రతిని అతికించి బల్ల మీద పెట్టింది. పది చీటీలూ ఎక్కడివక్కడ తిరిగి అంటించింది, తల్లి దిద్దినట్టే. మారుతండ్రి పోయి అన్న వచ్చాడు. పన్నెండో దెబ్బ కొత్తగా రాసింది, ఎడమ చేత్తో, వంకరటింకర అక్షరాల్లో. మంచిపని పేజీ కూడా అలాగే ఉంచింది, కాకపోతే ఇప్పుడది ఆస్పత్రిలో జరుగుతుంది.

నిలబడి మొత్తం చదివింది. నాలుక చాలాచోట్ల తడబడింది, దవడ ఇంకా పట్టేస్తోంది. పెద్దమ్మ ఒక్కచోట కూడా పెన్సిలు గీత పెట్టలేదు. చదవడం అయ్యాక, ఇవన్నీ కలిపితే చదివేవాడి చర్మం మొద్దుబారదా అని ఆ పిల్ల అడిగింది.

"మొద్దుబారనీ. నాది మొద్దుబారలేదా?" అంది పెద్దమ్మ.

తరవాత బల్ల సొరుగులోంచి ఖాళీ చీటీ ఒకటి తీసింది. దాని మీద ఆ రోజు తేదీ వేసింది. కింద రెండు వాక్యాలు రాసి, ఆ పిల్ల బిస్కెట్ డబ్బాలో తన చేత్తోనే వేసింది. పది దెబ్బలు నేను తీయించాను. పొరపాటు నాదే.